అంగారకుడికి పాస్‌పోర్టు ఎందుకు

శ్రీ
కామారెడ్డి
3 ఆగస్టు 1997

ఖుర్షీద్ ఆపాకు,

నమస్కారం. మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడగను. తగ్గితే నువ్వే కామారెడ్డి వచ్చి నన్ను నాలుగు మాటలని పోయేదానివి.

పేపర్లో చూసే ఉంటావు. పోయిన నెల అంగారకుడి మీద ఆరు చక్రాల చిన్న బండి దిగింది. అది పంపిన ఫొటోలు చూశావా? అచ్చం రాజంపేట గుట్టల వెనుక మొరం నేల! నాకు మనం పాఠాలు చెప్పిన బడి గుర్తొచ్చింది. అరవై తొమ్మిదిలో చంద్రుడి మీద మనిషి దిగినప్పుడు, పెద్ద టీచరమ్మకు తెలియకుండా నా టిఫిన్ సంచిలో ట్రాన్సిస్టర్ దాచుకుని తెచ్చాం. సంచిలోంచి వార్తలూ మామిడికాయ తొక్కు వాసనా కలిసి వస్తుంటే ఏడో తరగతి ఆడపిల్లలు నోళ్ళు తెరిచి విన్నారు. మనిషి ఇంకో లోకానికి పోయే రోజు వస్తే ఈ ఊళ్ళన్నీ తిరిగి చెప్తానని ఆ రోజు నేనంటే నువ్వు నవ్వావు.

ఇప్పుడు తిరుగుతున్నాను. ప్రదర్శనకు 'ఎర్ర నేల మీద మనిషి' అని పేరు పెట్టాను. అరవై స్లైడ్లు, రేకులతో చేసిన అక్కడి ఇల్లు, టైలర్ అజీముద్దీన్ కుట్టిన వెండి రంగు అంగీ. జీపు, జనరేటరు, ప్రొజెక్టరు అన్నీ దొరికాయి. బీబీపేట అయిపోయింది. వచ్చే ఆదివారం రాజంపేట.

ఆఖరులో ఒక రిజిస్టరు పెడుతున్నాను. 'ఆ గ్రహానికి మనుషులను పంపితే నువ్వు పోతావా? ఎందుకు పోతావు?' అని పేర్లు రాయించుకుంటాను. నవంబరులో హైదరాబాదులో శాస్త్రజ్ఞుల సభ ఉంది. ఆ రిజిస్టరు వాళ్ళ ముందు పెడతాను. మన పల్లెల్లో ఇంతమంది తయారుగా ఉన్నారని వాళ్ళకు తెలియాలి.

బీబీపేటలో ఇరవై ఆరు మందే రాశారు. ఎల్లారెడ్డిలో నీ మాటకు విలువ ఉంది. నీ దివాన్‌ఖానా కావాలి, నీ నోరు కావాలి. కాదనకు.

నీ
రాజమణి

•

786
ఎల్లారెడ్డి
9 ఆగస్టు 1997

రాజమణీ,

దువా. నాలుగు మాటలు అనడానికి కామారెడ్డి దాకా ఎందుకు, పోస్టు కవరు చాలు.

దివాన్‌ఖానా ఇస్తాను. నోరు ఎట్లాగూ ఖాళీగానే ఉంది. నా మనుమరాలు బిల్కిస్ నీ ఉత్తరం చదివి, "దాదీ, ఆ రిజిస్టర్ల మొదటి పేరు నీదే రాయ్. మనింట్ల ఉప్పు లొల్లి తక్కువైతది" అంది. ఈ ఇంట్లో నాకున్న మర్యాద అది.

బీబీపేటలో ఇరవై ఆరు మందే ఎందుకు రాశారో చెప్పనా? నువ్వు పంపిన ఉపన్యాసం చదివాను. మొదటి పేజీలోనే ఆరు వందల ఎనభై ఏడు రోజుల సంవత్సరం, ఇనుప తుప్పు, బొగ్గుపులుసు వాయువు. నాకే కునుకు పట్టింది. పాపం, పొద్దంతా నాట్లు వేసి వచ్చినవాళ్ళ గతి ఏమిటి? అక్కడ ఏం తింటారు, నీళ్ళు ఎట్లా, ఇద్దరు కొట్లాడుకుంటే అలిగి ఎక్కడికి పోతారు, అది చెప్పు. మనిషి కబురు అయితేనే మనిషి చెవి పెడతాడు.

ఇంకోటి. కుజుడంటే మా వీధిలో హడల్. ఎదురింటి ఎంకవ్వ మనుమరాలికి ఆయనగారి దోషముందని రెండు సంబంధాలు తప్పిపోయాయి. అది ఉత్త రాళ్ళూ మట్టీనేనని, రేపో మాపో మనిషి పోయి ఇల్లు కట్టుకునే నేల అని చెబితే ఆమె ఏమందో విను: "ఆడ మనోళ్ళు కాపురం బెడ్తే, ఈడి కాపురాల జోలికి రాడా మరి?" నేను ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పాను. ఇంత మంచి ప్రశ్న ఇన్స్‌పెక్టర్ కూడా అడగలేదు.

ఇక రిజిస్టరు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మా దగ్గర ఇంటికొకరు దుబాయ్‌లోనో సౌదీలోనో ఉన్నారు. ఏ ఏజెంటు ఏ అగ్రిమెంటు ఇచ్చినా ఆ కాగితం మొదట నా అరుగు మీదికే వస్తుంది. నేను అద్దాలు పెట్టుకుని చదివి 'సరే' అంటే ప్రయాణం. తల అడ్డంగా ఊపితే లేదు. అక్కడి నుంచి వచ్చే ఉత్తరాలు చదివి వినిపించేదీ నేనే. రెండేళ్ళ కింద భూమక్క కొడుకు గంగారాం, తాపీ మేస్త్రి, తెచ్చిన కాగితంలో కంపెనీ పేరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది. ఆపేశాను. అదే కాగితం మీద పోయిన జుక్కల్ వాళ్ళిద్దరి జాడ ఇప్పటికీ లేదు. ఈ అరుగు మీద పేరు రాయించడమంటే ఆషామాషీ కాదని చెప్పడానికి ఇదంతా.

ఉపన్యాసంతో పాటు నువ్వు పంపిన రిజిస్టరు నమూనాలో చివరి గడి చూశాను. 'పాస్‌పోర్టు ఉన్నదా? నంబరు.' అంగారకుడికి పాస్‌పోర్టు ఎందుకే? అక్కడ ముద్ర కొట్టేదెవరు?

జీపు దొరికిందన్నావు. జీపులు బాట మీద దొరకవు. ఎవరిది?

ఖుర్షీద్ బేగం

•

శ్రీ
కామారెడ్డి
20 ఆగస్టు 1997

ఆపా,

నీ సలహాలు బంగారం. ఉపన్యాసం మొత్తం మార్చాను. 'అలిగితే ఎక్కడికి పోతారు' అనే దానికి ఒక స్లైడే పెట్టాను.

పాస్‌పోర్టు గడి ఏమంటే, అది ఉంటే జనానికి నిజం ప్రయాణంలాగా అనిపిస్తుంది. ఉత్త పేరు రాయమంటే ఆటలాగా రాస్తారు. నంబరు రాసేటప్పుడు మనిషి ఒక్క క్షణం ఆగి, నేను నిజంగా పోతానా అని ఆలోచిస్తాడు. ఆ ఒక్క క్షణమే మనకు కావాలి కదా.

ఒక చెడ్డ వార్త. రాజంపేట నుంచి వచ్చినప్పటి నుంచి నాకు జ్వరం. డాక్టరు లేవొద్దన్నాడు. ఆదివారం జీపు, సామాను, డ్రైవరు వస్తారు. చెప్పాల్సింది నువ్వే. నాకన్నా బాగా చెప్తావు, ఆ సంగతి మనిద్దరికీ తెలుసు.

జీపు సంగతి కలిసినప్పుడు చెప్తాను. ఇప్పుడు ఇంతకన్నా రాయలేను.

నీ
రాజమణి

•

786
ఎల్లారెడ్డి
26 ఆగస్టు 1997

రాజమణీ,

జ్వరం తగ్గిందా? పొద్దున లేచి మిరియాల కషాయం తాగు. అల్లం టీ తాగి కషాయమని చెప్పుకోకు.

నూట నలభై మూడు.

మళ్ళీ చదువుకో. నూట నలభై మూడు పేర్లు. రెండు ఆటలు అనుకుంటే నాలుగు ఆటలు వేశాం. కిటికీలకు గొంగళ్ళు కట్టి పట్టపగలు చీకటి చేశాం. లోపల ఉక్కకు అంగారకుడే నయమనిపించింది.

నీ వెండి అంగీ తొడుక్కోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి గంగారాం లేచాడు. ఆరడుగుల మనిషి. అజీముద్దీన్ ఎవరి కొలతతో కుట్టాడో గానీ, చీలమండలు బయటికొచ్చాయి. "సౌదీల యాభై డిగ్రీల ఎండల గోడలు కట్టిన టీచరమ్మా, గిదొక లెక్కనా" అని హెల్మెట్ పెట్టుకుని రేకుల ఇంట్లోకి పోయి నిలబడ్డాడు. ఊరంతా చప్పట్లు. తర్వాత హెల్మెట్ తీసి, "ఆడ నీళ్ళు లేవంటరు. నీళ్ళు లేకుంట మట్టి ఎట్ల అంటుతది? ఇటుక ఎట్ల పోస్తరు?" అన్నాడు. నీ అరవై స్లైడ్లలో దానికి జవాబు లేదు. నాకూ తెలియదని చెప్పాను. తెలియదని చెప్పిన టీచరును వాళ్ళు అదే మొదటిసారి చూడటం.

మిగతా ప్రశ్నలు వింటావా? పోయిరావడానికి రెండున్నరేళ్ళు అంటే, "దుబాయ్ అగ్రిమెంటు గూడ గంతే గద" అన్నారు. "కఫీల్ ఎవరు? వీసా ఇచ్చే సేఠు ఎవరు?" అని ఒకడు. అక్కడ గాలి కూడా డబ్బాల్లో ఇస్తారని చెబితే, "జీతంలకెళ్ళి కోస్తరా?" అని ఇంకొకడు. భూమక్క లేచి, "ఆడికెల్లి మాట రానీకి ఎన్ని దినాలు పడ్తది?" అంది. నాలుగు నుంచి ఇరవై నిమిషాలు అన్నాను.  "నా కొడుకు దమ్మాంల ఉన్నప్పుడు చిట్టికి నెల పట్టేది. గా చుక్కనే దగ్గర" అంది. నేను వెంటనే తర్వాతి స్లైడు వేయించాను. అద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది, ఉక్క వల్ల.

ఇది ఉద్యోగం కాదని, ఇప్పుడు ఎవరినీ పంపడం లేదని, ఉత్త మనసులో మాట రాసుకుంటున్నామని ప్రతి ఆటలోనూ రెండుసార్లు చెప్పాను. బుద్ధిగా తలలు ఊపారు. అయినా మర్నాటికి ఇద్దరు పాస్‌పోర్టు ఫొటోలు తెచ్చి ఇచ్చారు! తిరిగి పంపించాను.

రిజిస్టరు నీ డ్రైవరును రాయనియ్యలేదు. వాడి చేతిరాత కోడి కెలికినట్టుంది. ప్రతి పేరూ నేనే రాశాను. 'ఎందుకు పోతావు' గడి తీరికగా చదువు. ఒకాయన 'మా అన్నదమ్ముల పంచాయితీకి దూరం' అన్నాడు. గంగారాం 'అక్కడ మొదటి గోడ నేను కట్టాలని' అన్నాడు. భూమక్క పాస్‌పోర్టు లేకపోయినా తన పేరు కొడుకు పేరు కిందే రాయించింది. 'వాడికి రొట్టెలెవరు చేస్తారు' అని కారణం. సంతకం తనే పెట్టింది, అక్షరాల బడిలో నేర్చుకున్న సంతకం. పసుపు దంచే పని మీద నుంచి వచ్చిందేమో, పేజీ మూలన ఐదు వేళ్ళూ పచ్చగా అచ్చుపడ్డాయి. శాస్త్రజ్ఞులు అడిగితే అది మరక కాదు, ముద్ర అని చెప్పు.

ఆటలయ్యాక సందెపూట అందరినీ అరుగు దింపి పడమట ఆ ఎర్ర చుక్క చూపించాను. ఇన్నేళ్ళుగా కాగితాలు చదువుతున్నాను గానీ, ఎవరినీ ఆపకుండా ఇంత సంతోషంగా 'సరే' అన్నది ఇదే మొదలు.

జీపు ఎవరిదో డ్రైవరును అడిగితే వాడూ చెప్పలేదు. మీకందరికీ ఒకేసారి జ్వరమా?

ఖుర్షీద్

•

శ్రీ
కామారెడ్డి
20 నవంబరు 1997

ప్రియమైన ఆపాకు,

ఇన్నాళ్ళు రాయలేదని కోప్పడకు. హైదరాబాదు నుంచి మొన్ననే వచ్చాను.

ఏం చెప్పను! పెద్ద హాలు, ఎర్ర తివాచీ. మన రిజిస్టరును బల్ల మీద పట్టు గుడ్డ పరిచి పెట్టారు. తెల్ల జుట్టు పెద్దాయన ఒకరు పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ, నీ చేతిరాత చూసి, 'ఇది అచ్చు వేసిందా, రాసిందా' అని అడిగారు. భూమక్క పసుపు చేతిని అందరికీ చూపించారు. గంగారాం ఇటుకల ప్రశ్న చదివి, మేమూ అదే ఆలోచిస్తున్నాం అన్నారట. రిజిస్టరును అక్కడే అద్దాల పెట్టెలో ఉంచుతామన్నారు. వాళ్ళ చేతికే ఇచ్చి వచ్చాను.

మీ ఊరివాళ్ళకు చెప్పు ఆపా. నా పేరు కాదు, నీ పేరే చెప్పాను.

నీ
రాజమణి

•

786
ఎల్లారెడ్డి
11 డిసెంబరు 1997

రాజమణీ,

నీ ఉత్తరం అరుగు మీద గట్టిగా చదివాను. మూడుసార్లు చదవమన్నారు. భూమక్క తన కుడి చెయ్యి ఎత్తి అందరికీ చూపించుకుంది. ఎంకవ్వ, "పసుపు గూడ కడుక్కోని చెయ్యి, హైదరాబాద్ పోయొచ్చింది" అని ఈసడించింది. కడుపుమంట.

నీ మీద నాకు గర్వంగా ఉంది. ఇది నా నోటి నుంచి ముప్ఫై ఏళ్ళలో రెండోసారి. మొదటిది ట్రాన్సిస్టర్ అప్పుడు.

మనసులో ఒక ముల్లు కూడా ఉంది, రాసేస్తాను. పోయిన వారం గంగారాం బొంబాయి పోయాడు. అక్కడి నుంచి ఖతర్‌కట. నాకు కాగితం చూపించలేదు. పదిహేనేళ్ళలో ఈ వీధి నుంచి నాకు చూపించకుండా పోయినవాడు లేడు. వాడితో పాటు ఇంకో పదకొండు మంది. ఏ ఏజెంటు అని భూమక్కను అడిగితే, "మీరే రాసిచ్చిన్రు గద టీచరమ్మా" అని నవ్వింది. ముసలిదానికి మతి తప్పుతున్నదేమో అనుకున్నాను. తర్వాత, నాకే తప్పుతున్నదేమో అనుకున్నాను.

కామారెడ్డి స్టేషను దగ్గర కొత్తగా ఎవరో ట్రావెల్స్ పెట్టారని విన్నాను. నీకేమైనా తెలుసా?

ఖుర్షీద్

•

శ్రీ
కామారెడ్డి
22 డిసెంబరు 1997

ఆపా,

ట్రావెల్స్ వాళ్ళ సంగతి నాకేం తెలుస్తుంది. ఈ ఊళ్ళో రోజుకొకటి తెరుస్తున్నారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ప్రతిదీ మనల్ని అడిగి చేస్తారా? బాధపడకు.

మా అల్లుడు లింగం ఫొటో స్టూడియో మూసేశాడు. మా అమ్మాయి గంగామణి బాగానే ఉంది. ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. నీకు శాలువా ఒకటి కొన్నాను, వీలు చూసి పంపిస్తాను.

రాజమణి

•

786
ఎల్లారెడ్డి
3 జనవరి 1998

శ్రీమతి రాజమణి గారికి,

శాలువా పంపకండి.

నిన్న భూమక్క వచ్చింది. కొడుకు పోయి నెల అవుతోంది, మాట లేదు. బియ్యం డబ్బాలో దాచిన కాగితం తెచ్చి, "ఏం రాసిన్రో చదువుండ్రి" అని నా చేతిలో పెట్టింది. అది రసీదు. 'గంగారాం పాస్‌పోర్టు ముట్టింది, వీసా వచ్చే దాకా మా దగ్గరే ఉంటుంది' అని ఉంది. కింద సంతకం మీ అల్లుడు లింగంది. ఆ సంతకం నాకు తెలుసు. మీ గంగామణి పెళ్ళి ఫొటోల వెనుక ప్రతి దాని మీదా ఉంది.

కాగితం వెనక్కి తిప్పాను.

నా చేతిరాత. వరసగా తొమ్మిది పేర్లు. 'అక్కడ మొదటి గోడ నేను కట్టాలని.' 'వాడికి రొట్టెలెవరు చేస్తారు.' మూలన ఐదు పసుపు వేళ్ళు.

హైదరాబాదులో అద్దాల పెట్టెలో ఉండాల్సిన పేజీ భూమక్క బియ్యం డబ్బాలో ఎట్లా ఉందో మీకు తెలిసే ఉంటుంది. నాకూ తెలిసింది, భూమక్క చెప్పింది. మీ అల్లుడి మనిషి రిజిస్టరు చంకన పెట్టుకునే ఇల్లిల్లూ తిరిగాడు. పాస్‌పోర్టు ఉందని రాయించిన వాళ్ళ ఇండ్లకే పోయాడు, వెతుక్కునే పని లేకుండా. "మీ టీచరమ్మ రాసిన లిస్టే గద, మల్ల ఆమెకు సూపెట్టుడు దేనికి? గీ కాగితమే మీకు రసీదు" అని పేజీ చింపి ఇచ్చాడు. గంగారాం నా చేతిరాత చూసి ఇచ్చేశాడు. వాడిని నేను ఆపాను ఒకసారి. ఈసారి నేనే పంపాను.

మీకు మూడు ప్రశ్నలు. పిల్లలకు ఇచ్చినట్టు ఖాళీలు వదలకుండా రాయండి.

ఆ జీపు ఎవరిది?

ఆ రోజు మీకు నిజంగా జ్వరమేనా?

తెల్ల జుట్టు పెద్దాయనకు పేరు పెట్టడం ఎందుకు మరిచిపోయారు? మిగతా అబద్ధమంతా ఎంతో శ్రద్ధగా రాశారు కదా.

ఖుర్షీద్ బేగం
రిటైర్డ్ సైన్సు టీచరు

•

కామారెడ్డి
12 జనవరి 1998

ఆపా,

మీరు అని రాశావు. ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను, మిగతా ఉత్తరం మర్నాడు చదివాను.

జీపు లింగంది. ఎనిమిది నెలలు ప్రతి ఆఫీసు మెట్లూ ఎక్కాను. అంగారకుడా అని నవ్వారు. ఒకాయన, 'టీచరమ్మా, ముందు మన ఊరి మోరీ చూడండి' అన్నాడు. అప్పుడు లింగం, "అత్తమ్మా, జీపు నేనిస్త, మిషన్ నేనిస్త. రిజిస్టర్ల ఒక్క గడి ఎక్కువ పెట్టుండ్రి, చాలు" అన్నాడు. ఒక్క గడే కదా అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను. రాజంపేటలో వాడి మనిషి వెనుక వరసలో కూర్చుని నంబర్లు దించుకుంటుంటే అర్థమైంది.

జ్వరం లేదు. నీ ఎదురుగా నిలబడి ఆ గడి నింపించలేననిపించింది. అందుకే జ్వరం.

సభ వాళ్ళకు రెండుసార్లు రాశాను. పిలుపు రాలేదు. నీ ఉత్తరం, ఆ నూట నలభై మూడు, చూసినప్పటి నుంచి ఏదో ఒకటి చెప్పాలి కదా నీకు. రాస్తున్నంతసేపు నిజంగా ఆ హాల్లో ఉన్నట్టే ఉండింది ఆపా. పట్టు గుడ్డ కూడా కనిపించింది.

ఈ కవరు ఎల్లారెడ్డి బస్సు కండక్టరు బషీర్ చేతికి ఇస్తున్నాను. ఇందులో గంగారాం పాస్‌పోర్టు ఉంది. లింగం బీరువాలోంచి తీశాను. మిగతావి తీస్తే తెలిసిపోతుంది. వాడికి కోపం వస్తే ఎట్లా ఉంటాడో గంగామణి మెడ మీద చూశాను. అది ఆ ఇంట్లోనే బతకాలి.

నీ గంగారాం నీకు వచ్చేస్తాడు. ఇంతటితో వదిలెయ్. ఈ ఉత్తరం చదివి చింపెయ్.

రాజమణి

•

786
ఎల్లారెడ్డి
25 జనవరి 1998

రాజమణీ,

మళ్ళీ నువ్వు అంటున్నాను. మనసు కరిగి కాదు. 'మీరు' అని రాస్తుంటే ఎవరో పరాయివాళ్ళు చేసిన పనిలాగా ఉంది. ఇది పరాయివాళ్ళు చెయ్యలేదు.

రంజాను నెల. ఉపవాసంలో నోరు అదుపులో పెట్టుకోవాలి, అందుకని ఇఫ్తార్ అయ్యాక కూర్చున్నాను.

గంగారాం మొన్న బుధవారం వచ్చాడు. బొంబాయిలో ఒక గదిలో ఇరవై ముగ్గురిని పెట్టారు. వంతులేసుకుని పడుకున్నారట. వీసా ఊసే లేదు, పాస్‌పోర్టు అడిగితే దెబ్బలు. వీడు టికెట్ లేకుండా మన్మాడు దాకా, అక్కడి నుంచి చేతులు జోడిస్తూ వచ్చాడు. మనిషి సగమయ్యాడు. వెండి అంగీ ఇప్పుడు సరిగ్గా పడుతుంది.

వాడి పాస్‌పోర్టు వాడికిచ్చాను. తీసుకుని, "మిగిలినోళ్ళయి?" అన్నాడు. సంతోషపడతాడనుకున్నావు కదూ? నువ్వు నాకు ఒకటి పంపావు, పదకొండు ఉంచుకున్నావు. బీబీపేట, రాజంపేటలవి ఎన్నో నాకు తెలియదు, నీకు తెలుసు. నా వాడు ఒక్కడు వస్తే నేను నోరు మూసుకుంటానని లెక్క వేశావు. ఇరవై రెండేళ్ళు ఒకే స్టాఫ్ రూములో కూర్చుని నా గురించి నువ్వు నేర్చుకున్నది అదా?

చింపెయ్ అన్నావు. మా అరుగు మీద ఉత్తరాలు చింపరు, చదువుతారు. పోయిన శుక్రవారం ఆ పన్నెండు ఇండ్లవాళ్ళను పిలిచాను. ఆగస్టు నుంచి నువ్వు రాసినవన్నీ వరసగా చదివాను. మామిడికాయ తొక్కు నుంచి బీరువా దాకా. నేను రాసినవి నా దగ్గర లేవు గనుక, నేను ఏం రాశానో నోటితో చెప్పాను, నన్ను నేను తిట్టుకోవాల్సిన చోట తగ్గించకుండా. పాస్‌పోర్టు గడి ఎందుకని ఒకసారి అడిగి, జవాబు తియ్యగా ఉందని ఊరుకున్నాను. అది నా తప్పు. దాన్ని నీ మీదికి నెట్టను.

గంగామణి మెడ సంగతి మాత్రం చదవలేదు. ఆ రెండు వరసల మీద బొటనవేలు పెట్టి దాటేశాను.

పట్టు గుడ్డ ఉత్తరం దగ్గర భూమక్క చెయ్యి ఎత్తలేదు. కొంగులో దాచుకుంది.

చదవడం అయ్యాక ఎవరూ లేవలేదు. నన్ను తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. గంగారాం ఒక్కడే, "మీరు సెప్పిన్రు టీచరమ్మా, కొలువు కాదని రెండుసార్లు సెప్పిన్రు. గని రిజిస్టర్ల రాసుకున్నరు గద. నోటి మాట కన్న రాత పెద్దదని మీరే నేర్పిన్రు" అన్నాడు. తర్వాత భూమక్క అడిగింది:

"మరి గా ఎర్ర చుక్క గూడ అబద్ధమేనా?"

కాదు, అది నిజం అన్నాను. మనిషి పోతాడన్నదీ నిజమే, ఎప్పటికో. పైకి చూడండి, పడమట గురుగ్రహం పక్కన మసకగా ఉంది అన్నాను. రాజమణీ, పన్నెండు ఇండ్లవాళ్ళు నా అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒక్కరు తల ఎత్తలేదు. ఆగస్టులో గదిలో పట్టక కిటికీలు పట్టుకుని వేలాడినవాళ్ళు. నువ్వు వాళ్ళ పాస్‌పోర్టులు తీసుకున్నావని ఊరివాళ్ళు అంటారు. నేను అంతకన్నా పెద్దది అంటాను. ఎంతో కష్టపడి వాళ్ళ చేత పైకి చూపించాం. ఇక చూడరు.

మర్నాడు గంగారాం, నేను పోలీసు స్టేషనుకు పోయాం. భూమక్క పేజీ, నీ ఐదు ఉత్తరాలు ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఈసారి రసీదు తెల్ల కాగితం మీద. ఎస్సై ట్రాన్సిస్టర్ సంగతి చదివి నవ్వాడు. నీ అక్షరాలు చూసి ఎవరైనా ఇష్టపడతారు, అదే కదా గోస. ఇన్నేళ్ళుగా నువ్వు రాసినవి నా పెట్టెలో కట్టలు కట్టి ఉన్నాయి. ఈ ఐదు మాత్రం ఇక నా దగ్గర ఉండవు.

లింగం కోసం ఈ వారంలో వస్తారు. ఆ లోపలే గంగామణిని బషీర్ బస్సు ఎక్కించు. బిల్కిస్ తన గది ఖాళీ చేసి మంచం వేసింది. గంగామణి నా దగ్గర మూడేళ్ళు చదివింది, ఈ ఇల్లు దానికి కొత్త కాదు. ఎన్నాళ్ళైనా ఉండనీ.

నువ్వు రావద్దు.

రేకుల ఇల్లు ఇంకా నా దివాన్‌ఖానాలోనే ఉంది. గంగారాం పడుకోవడానికి తాళంచెవి అడిగాడు. వాడి ఇంటికి మిగతా పదకొండిండ్లవాళ్ళూ వచ్చి మా వాడెప్పుడొస్తాడని అడుగుతున్నారట. ఇచ్చాను.

ఈ ఉత్తరం చింపకు. ఎవరైనా అడిగితే చూపించు. నకలు నా దగ్గర ఉంది.

ఖుర్షీద్ బేగం